ద్రాక్షతీగకు రాయి ఏమిస్తుంది?

వైన్ గురించి రాసేవాళ్ళు తరచూ ఒక మాట అంటుంటారు. ఫలానా వైన్‌లో సున్నపురాయి రుచి తెలుస్తుందనీ, ఇంకోదాంట్లో పలకరాయి వాసన వస్తుందనీ, మరోటి చెకుముకి రాళ్ళు రాపాడించినట్టు ఉంటుందనీ. తోట కిందున్న రాయి వేళ్ళలోంచి కాండంలోకి, కాండంలోంచి గుత్తిలోకి, అక్కణ్ణుంచి గ్లాసులోకి వచ్చేస్తుందన్న నమ్మకం ఈ మాటల వెనక ఉంది. భూగర్భ శాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి నాకిది మింగుడుపడదు. అది నిజం కాదన్నది ఒక బాధ. అసలు జరిగేది ఇంతకన్నా ఎంతో అద్భుతంగా ఉంటుంది, ఈ మాట చాటున అది ఎవరికీ కనబడకుండా పోతోందన్నది ఇంకా పెద్ద బాధ.

నా వాదన ఇది. రాయి తన రుచిని పండుకు అందించదు. తీగకు నీళ్ళు ఎన్ని, ఎప్పుడు అందాలో రాయి తేలుస్తుంది. పగటి వేడి ఎక్కడ నిలవాలో, రాత్రి చలిగాలి ఎటు పారాలో కొండ ఆకారం తేలుస్తుంది. ఒక తోటకు పేరొచ్చి పక్క తోటకు రాకపోవడానికి ఈ రెండే చాలావరకు కారణం. ఇది ఒప్పుకున్నవాళ్ళు ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: వాతావరణం మారితే, రాయి ఇసుమంత కదలకపోయినా, ఆ నేల విలువ మారిపోతుంది.

దీనికి బర్గండీ అనే ఫ్రెంచి వైన్ ప్రాంతాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. తూర్పు ఫ్రాన్సులో దిజోన్ నగరం దగ్గర మొదలై దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల పొడవున ఒక కొండ అంచు సాగుతుంది. దాని పేరు కోత్ దోర్. గొప్ప ఎత్తేమీ కాదు. తోటలున్న పట్టీ వెడల్పు కొన్నిచోట్ల కిలోమీటరు కూడా ఉండదు. పినో న్వార్, షార్డొనే అనే ద్రాక్ష రకాలకు ప్రపంచంలో అత్యంత పేరున్న తోటలు చాలావరకు ఆ సన్నని పట్టీలోనే ఉన్నాయి.

సుమారు 16, 17 కోట్ల ఏళ్ళ క్రితం, జురాసిక్ యుగంలో, ఈ ప్రాంతమంతా లోతులేని వెచ్చని సముద్రం. ఆల్చిప్పలు, సముద్ర జీవుల గుల్లలు, సున్నపు బురద అడుగున పేరుకుని కాలక్రమాన రాయయ్యాయి. నీళ్ళు తేటగా ఉన్న కాలంలో గట్టి సున్నపురాయి ఏర్పడింది. ఒండ్రు కొట్టుకొచ్చిన కాలంలో బంకమన్ను కలిసిన మెత్తని రాయి ఏర్పడింది, దాన్ని మార్ల్ అంటారు. ఇలా ఒకదాని మీద ఒకటి పొరలు. అవి ఆ విధంగానే చదునుగా పడి ఉంటే బర్గండీ మామూలు వ్యవసాయ భూమిగానే మిగిలేది. సుమారు మూడున్నర కోట్ల ఏళ్ళ క్రితం పశ్చిమ ఐరోపా భూపటలం సాగి పగిలింది. తూర్పున, ఇప్పుడు సోన్ నది పారుతున్న వైపు, నేల వందల మీటర్లు కుంగిపోయింది. పడమటి భాగం పైనే నిలిచింది. ఆ రెంటి నడుమ మిగిలిన మెట్టే కోత్ దోర్. అది ఒకే ఒక్క పెద్ద పగులు కాదు. పక్కపక్కనే బోలెడు పగుళ్ళు, వాటి మధ్య పొరలు ముక్కలై ఒక్కో ముక్క ఒక్కో మట్టానికి జారింది. అందుకే ఒక పొలంలో కాలి కింద ఉన్న రాయి, గోడ దాటితే ఉండకపోవచ్చు.

మైదానం నుంచి పైకి నడుస్తుంటే ఆ తేడా కాళ్ళకే తెలుస్తుంది. 974 నంబరు రోడ్డుకు తూర్పున మట్టి లోతుగా, బరువుగా ఉంటుంది. వాన పడితే బూట్లకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. అక్కడ తీగకు నీళ్ళకు లోటు లేదు. దాంతో అది ఆకులూ రెమ్మలూ తెగ వేస్తుంది, ద్రాక్షకాయలు ఉబ్బుతాయి, రసం పల్చబడుతుంది. రోడ్డు దాటి కొంచెం ఎక్కితే మట్టిలో రాళ్ళు కనిపించడం మొదలవుతాయి. సముద్ర మట్టానికి సుమారు 250 నుంచి 300 మీటర్ల ఎత్తున, వాలు నడుమ, పైనుంచి జారిన సున్నపురాళ్ళూ కింద మార్ల్ బంకమన్నూ కలిసిన నేల ఉంది. గ్రాన్ క్రూ అనే అత్యున్నత హోదా ఉన్న తోటలు ఎక్కువగా ఇక్కడే. ఇంకా పైకి వెళితే మట్టి జానెడే, కింద గట్టి బండ, గాలి కూడా చల్లన. కొండ నెత్తిన అడవి.

నడుమ భాగమే ఎందుకు? రాళ్ళు కలిసిన పై మట్టి వాన నీటిని నిలవనివ్వదు, వేళ్ళు కుళ్ళవు. కింది బంకమన్ను కొంత నీటిని పట్టి ఉంచి ఎండాకాలంలో నెమ్మదిగా ఇస్తుంది. తీగకు దాహం వేస్తుంది కానీ ప్రాణం మీదికి రాదు. కాయ రంగు తిరిగే వేళకు ఆ కొద్దిపాటి కరువు తగిలితే కొమ్మ ఎదుగుదల ఆగి, తీగ బలమంతా పండు మీదికి మళ్ళుతుంది. కాయ చిన్నగా ఉండిపోతుంది, రసంతో పోలిస్తే తొక్క వాటా పెరుగుతుంది. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ఎక్కువగా ఆ తొక్కలోంచే వస్తాయి. దీనికి తోడు వాలు తూర్పుకూ ఆగ్నేయానికీ తిరిగి ఉండటంతో పొద్దున్నే ఎండ పడి మంచు తడి ఆరుతుంది, బూజు తెగుళ్ళకు అవకాశం తగ్గుతుంది. పడమటి వానగాలిని కొండ కొంత ఆపుతుంది. వసంతంలో రాత్రిపూట బరువైన చలిగాలి నీళ్ళలాగే పల్లానికి పారి మైదానంలో మడుగు కడుతుంది. లేత చిగుళ్ళు మంచుకు మాడేది ఎక్కువగా అక్కడే.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం ఒక మినహాయింపు. రోడ్డుకు తూర్పున పేరున్న తోటలు ఉండవన్నది అక్కడి మామూలు సూత్రం. కానీ జెవ్రే షాంబెర్తాన్ ఊరి దగ్గర, తమ వైన్‌కు ఊరి పేరు పెట్టుకోగల హోదా ఉన్న తోటలు రోడ్డు దాటి తూర్పుకు చాలా దూరం సాగుతాయి. కారణం లావో అనే లోయ. కొండను అడ్డంగా కోసిన ఆ లోయలోంచి పూర్వం నీళ్ళు సున్నపు గులకరాళ్ళను మోసుకొచ్చి, ఊరి ముందు విసనకర్ర ఆకారంలో పరిచాయి. ఆ గులకల కిందుగా నీళ్ళు ఇంకిపోతాయి కాబట్టి మైదానంలో ఉన్నా ఆ నేల వాలులాగే ప్రవర్తిస్తుంది. హోదాను తెచ్చింది నీరు ఇంకే తీరు.

క్లో ద వూజో కథ దీనికి తిరగేసినట్టుంటుంది. 1098లో స్థాపించిన సీతో మఠం సన్యాసులు మధ్యయుగంలో కూడబెట్టి, చుట్టూ గోడ కట్టిన తోట అది. దాదాపు 50 హెక్టార్లు. ఫ్రెంచి విప్లవంలో మఠం చేజారి, 1889లో ముక్కలుగా అమ్ముడుపోయి, ఇప్పుడు దాదాపు 80 మంది యజమానుల చేతుల్లో ఉంది. గోడ లోపలున్నదంతా గ్రాన్ క్రూయే. కానీ పై భాగంలో పల్చని మట్టి కింద సున్నపురాయి, నడుమ బంకమన్నూ గులకా, కింద రోడ్డు పక్కన నీళ్ళు నిలిచే లోతైన ఒండ్రు. రెండు చివరలకూ ఎత్తులో తేడా పెద్దగా లేదు. అదే గోడకు అవతల, అదే మట్టంలో ఉన్న పొలాలకు సాదా హోదా. సన్యాసుల గోడను 20వ శతాబ్దపు చట్టం యథాతథంగా గీతగా తీసుకుంది. నీళ్ళకు ఆ గోడ తెలియదు. రెండు చివర్ల వైన్‌నూ ఒకే పేరుతో, ఒకే హోదాతో అమ్మడం కొనేవాళ్ళకు న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు రాయి రుచి సంగతి.

తీగ ఒంట్లో ఎండు పదార్థంలో అధిక భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచీ నీటి నుంచీ తయారైంది. నేల నుంచి వచ్చేవి నీటిలో కరిగిన కొద్దిపాటి పొటాషియం, నత్రజని, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము వంటివి. వేరు వీటిని ఒక్కో అయానుగా, తనకు కావలసినంత తీసుకుంటుంది. ఆ కాల్షియం జురాసిక్ ఆల్చిప్పలోంచి వచ్చిందా, నిన్న చల్లిన ఎరువులోంచి వచ్చిందా అన్నది వేరుకు తెలిసే దారే లేదు. బర్గండీ ఉత్తరాన ఉన్న షాబ్లీ తోటల రాళ్ళలో చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలు దండిగా ఉంటాయి. అందుకే ఆ వైన్ ఆల్చిప్పలతో అంత బాగా కుదురుతుందని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. రసాయనపరంగా ఆ శిలాజం కాల్షియం కార్బొనేట్, పక్కనున్న మామూలు సున్నపురాయి కూడా కాల్షియం కార్బొనేటే.

మా వృత్తిలో రాయిని నాలుకతో తాకి చూడటం మామూలే. తడిస్తే రేణువులు స్పష్టంగా కనిపిస్తాయి, బంకమన్ను ఉంటే నాలుకకు అంటుకుంటుంది. ఉప్పురాయి లాంటి నీళ్ళలో కరిగేవి కొన్ని తప్ప, రాళ్ళకు చెప్పుకోదగ్గ రుచి లేదు. వానకు తడిసిన రాయి వాసన కూడా రాయిది కాదు. మొక్కల నూనెలు, మట్టిలోని సూక్ష్మజీవుల పదార్థాలు రాయి మీద పేరుకుని తడికి పైకి లేస్తాయి. ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లోనే దీని గురించి రాశారు. చెకుముకి వాసన అనుకునేది ఎక్కువగా గంధకం ఉన్న సమ్మేళనాలది. రసం పులిసే దశలోనూ ఆ తర్వాతా అవి పుడతాయి. వేల్సుకు చెందిన భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఈ విషయాలన్నీ ఏళ్ళ తరబడి ఓపిగ్గా వివరిస్తూ వచ్చాడు. అయినా అమ్మకాల భాష మారలేదు.

ఆ వైన్ తాగి రాయి గుర్తొచ్చిందన్నవాళ్ళు అబద్ధం చెబుతున్నారని నేననను. పులుపు చురుగ్గా ఉండి, పండు వాసన తక్కువగా ఉండి, పీపా కలప జాడ లేని తెల్ల వైన్ నోట్లో పెట్టుకుంటే తడి రాయి తలపుకు రావడం సహజమే. అనుభవం నిజమే, దానికి చెప్పే కారణమే తప్పు. మట్టి రసాయనం అసలు లెక్కలోకి రాదని కూడా అననక్కర్లేదు. పొటాషియం ఎక్కువైతే వైన్‌లో పులుపు పదును తగ్గుతుంది. నత్రజని తక్కువైతే తీగ జోరూ తగ్గుతుంది, రసం పులిసే తీరూ మారుతుంది. అయితే ఇవి తీగ జీవితంలో జరిగే మార్పులు. వీటిలో ఏదీ రాయి రుచి కాదు.

నైరుతి ఫ్రాన్సులోని బోర్దో ప్రాంతం ఈ తగువును నా దృష్టిలో ఎప్పుడో తేల్చేసింది. అక్కడి నదికి ఎడమ ఒడ్డున మెదోక్‌లో పేరున్న తోటలన్నీ గులకరాళ్ళ దిబ్బల మీద ఉన్నాయి. పాతకాలపు నదులు మోసుకొచ్చి మీటర్ల మందాన పోసిన గులక అది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల చాలా భాగం చిత్తడి నేల, 17వ శతాబ్దంలో డచ్ ఇంజనీర్లు కాలువలు తవ్వి నీళ్ళు తీశారు. గులకలో నీళ్ళు నిలవవు, కాబట్టి అక్కడి కాబెర్నే సొవిన్యోన్ రకం ద్రాక్ష వేళ్ళు లోతుకు దిగి వెతుక్కుంటాయి. ఇంతవరకు విని గొప్ప వైన్ అంటే గులక నేల అనుకుంటే, కుడి ఒడ్డున పొమెరోల్‌లో పెత్రూస్ ఉంది. పదకొండు హెక్టార్ల పైచిలుకు తోట. మెర్లో రకం. నేల నీలి ఛాయ ఉన్న జిగట బంకమన్ను! తడిస్తే అది ఉబ్బి మూసుకుపోతుంది, పై వాన లోపలికి దూరదు. లోపలున్న నీటిని కూడా గట్టిగా పట్టుకుని కొద్దికొద్దిగానే వదులుతుంది. గులకకూ ఈ బంకమన్నుకూ రసాయనంలో గానీ, రేణువు పరిమాణంలో గానీ, పుట్టుకలో గానీ పోలికే లేదు. తీగకు నీళ్ళు అందించే తీరులో మాత్రం రెండూ ఒక్కచోటికే చేరాయి: తగుమాత్రం, ఒక క్రమంలో, ఎండాకాలం నడిమికి కొంచెం లోటు. బోర్దో విశ్వవిద్యాలయంలో జెరార్ సెగాన్ 20వ శతాబ్దం రెండో సగంలో ఈ తోటల్లో నీటి కదలికను కొలిచి నిరూపించింది ఇదే. ఫ్రాన్సులోనే షాంపేన్ ప్రాంతంలో సుద్ద నేల ఘనమీటరుకు 300 నుంచి 400 లీటర్ల నీటిని పట్టి ఉంచుతుందన్న లెక్క చూసినా, ఆ నేల గొప్పతనం ఏ దిక్కున వెతకాలో తెలుస్తుంది.

నీటి తర్వాత వేడి. జర్మనీలో మోజెల్ లోయ సుమారు 50 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ద్రాక్ష పండటానికి ఒకప్పుడు అది దాదాపు చివరి హద్దు. అక్కడ నది మెలికలు తిరుగుతూ నల్లని పలకరాతి కొండలను నిలువుగా కోసింది. దక్షిణానికి తిరిగిన వాలుల మీద ఎండ నేరుగా పడుతుంది, పలకరాయి పగలంతా కాగి రాత్రి ఆ వేడిని వదులుతుంది. బ్రెమ్ ఊరి దగ్గరి కాల్మోంట్ తోట కొన్నిచోట్ల 65 డిగ్రీల దాకా నిటారుగా ఉంటుందంటారు. మనిషి నిలబడటమే కష్టమైన ఆ చోట తీగ నాటడానికి కారణం ఎండ కోణం. నదికి ఎదురుగా ఉత్తరం వైపు తిరిగిన వాలు మీద కూడా అదే పలకరాయి ఉంటుంది, కానీ పాతకాలంలో తీగల్ని ముందు పెట్టింది దక్షిణపు వాలు మీదే.

ఇక వేళ్ళ మాట. దీన్ని రాయి రుచి ప్రచారంలో ఎవరూ ఎత్తరు. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఐరోపా తోటల్ని నాశనం చేసింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతుల మీద ఐరోపా రకాలను అంటుకట్టడమే విరుగుడని తేలింది. ఇక్కడ భూగర్భ శాస్త్రం అడ్డం తిరిగింది. మొదట తెచ్చిన అమెరికా వేళ్ళు సున్నం ఎక్కువున్న నేలలో ఇనుమును తీసుకోలేక, ఆకులు పసుపెక్కి చచ్చిపోయాయి. 1887లో పియెర్ వియాలా అనే శాస్త్రవేత్తను ఫ్రాన్సు అమెరికాకు పంపింది, సున్నపు నేలలో బతికే జాతిని వెతకమని. టెక్సస్‌లోని డెనిసన్ ఊళ్ళో ఉండే టి. వి. మన్సన్ ఆయనకు సాయపడ్డాడు. టెక్సస్ సున్నపు కొండల్లో సహజంగా పెరిగే బెర్లాండియెరి అనే అడవి ద్రాక్ష దొరికింది. దాన్ని వేరే జాతులతో సంకరం చేసి తీసిన రూట్‌స్టాక్‌లే, అంటే అంటుకు కింద వేరుగా ఉండే మొక్కలే, సున్నపు నేలల తోటల్ని నిలబెట్టాయి. అంటే ఈరోజు ఫ్రెంచి సున్నపురాయిని తాకుతున్న వేరులో చాలాచోట్ల టెక్సస్ రక్తం ఉంది. పురుగు రాకముందూ ఆ తోటలకు పేరుంది, ఇప్పుడూ ఉంది. వేరు జాతే మారిపోయినా తోటల మధ్య తేడాలు నిలిచాయంటే, ఆ తేడాలకు మూలం నీరూ వేడీ అన్న నా వాదనకు ఇది పెద్ద బలం. గ్రీసులోని శాంతోరిని ద్వీపంలాంటి చోట్ల మాత్రం ఈ బాధే లేదు. అక్కడి అగ్నిపర్వతపు బూడిదలో బంకమన్ను లేకపోవడంతో ఆ పురుగు బతకలేకపోయింది, తీగలు సొంత వేళ్ళ మీదే ఉన్నాయి.

మనుషుల చెయ్యి గురించి చెప్పకపోతే అన్యాయం. బర్గండీ వాలు మీద వానకు కొట్టుకుపోయిన మట్టిని శతాబ్దాల పాటు కూలీలు బుట్టల్లో వీపున మోసి మళ్ళీ పైకి చేర్చారు. పోర్చుగల్‌లో దోరో లోయ పలకరాతి కొండల్ని పగలగొట్టి మెట్లు కట్టారు. 1756లోనే హద్దులు గీసిన ప్రాంతం అది. ఏ నేలకు ఏ రకం అన్నది కూడా మనుషులే తేల్చుకున్నారు. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్ గమే రకాన్ని పీకెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. దక్షిణాన బోజొలే గ్రానైట్ కొండల మీద అదే గమే చక్కగా కుదురుకుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, వేడి పెరుగుతోంది. కోత్ దోర్‌లోని బోన్ పట్టణంలో ద్రాక్ష కోత మొదలైన తేదీల వరుస 1354 నుంచి ఉంది. దాని మీద 2019లో వచ్చిన పరిశోధన ప్రకారం 1987 దాకా కోత సగటున సెప్టెంబరు 28న మొదలయ్యేది. 1988 తర్వాత అది సగటున 13 రోజులు ముందుకు వచ్చింది. 2003లో ఆగస్టులోనే కోతలయ్యాయి. కోత్ దోర్ తోటల హోదాలకు ఆధారమైన వర్గీకరణ 1855 నాటిది, చట్టంగా స్థిరపడింది 1930లలో. వాతావరణం ఇంకా చల్లగా ఉన్న రోజుల అనుభవం అది. పండు పూర్తిగా పండటమే అరుదైన రోజుల్లో, ఏ పొలం ముందు పండితే దానికి పై హోదా దక్కింది. పల్చని మట్టి, నీళ్ళు త్వరగా ఇంకిపోవడం, వెచ్చని వాలు అప్పుడు వరాలు. వరసగా ఎండలు కాచే ఏళ్ళలో అవే భారమవుతున్నాయి. వాలు పైభాగంలో తీగలు ఆకులు రాల్చి, పండక ముందే ఆగిపోతున్నాయి. ఒకప్పుడు చలవ నేలలని చిన్నచూపు చూసిన వెనక కొండల పొలాలు ఇప్పుడు నిలకడగా పండుతున్నాయి. అలాగని పల్లపు నేలల వైపు పరుగెత్తడానికీ లేదు. వేడికి చిగుళ్ళు ముందే వస్తున్నాయి, ఆపైన మంచు పడితే మాడుతున్నాయి. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్సంతటా తోటలకు జరిగింది అదే.

రాయికి రుచి ఉందని నమ్మేవాళ్ళకు ఈ మార్పు అర్థం కాదు. రాయి అదే కాబట్టి రుచీ అదే ఉండాలి కదా! రాయి పని నీటి పంపకమని తెలిసినవాళ్ళకు ఏం జరుగుతోందో, ఏం చెయ్యాలో తెలుస్తుంది: కరువుకు ఆగే రూట్‌స్టాక్, వరసల మధ్య గడ్డి ఎప్పుడు ఉంచాలి ఎప్పుడు తీసెయ్యాలి, ఆకు ఎంత కత్తిరించాలి.

నీళ్ళు పెట్టడం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఫ్రాన్సులో హోదా ఉన్న తోటల్లో నీటి పారుదల మీద కఠినమైన ఆంక్షలున్నాయి. వాటిని సడలించమన్న ఒత్తిడి పెరుగుతోంది. లేత మొక్కల్ని బతికించుకోవడానికి నీళ్ళు పెట్టుకుంటే నేను కాదనను. కాపుకొచ్చిన తోటలో ఏటా డ్రిప్ పైపుతో తడిపితే మాత్రం, మార్ల్ పొర చేసే పనిని ఒక కుళాయి చేస్తుంది. అప్పుడు వాలు నడుమకూ మైదానానికీ మధ్యనున్న అసలైన తేడా కరిగిపోతుంది, హోదా కాగితం మీద మిగులుతుంది. అంతకన్నా వెనక కొండల పొలాల్లో వరసకొకటి చొప్పున గోతులు తవ్వి, మట్టి లోతు, బండ పగుళ్ళు, జూలై ఆగస్టుల్లో మిగిలే తేమ ఇప్పట్నుంచే కొలవడం మొదలుపెట్టాలి. ఆ కొలతలు నిలకడగా బాగున్న పొలాలకు పై హోదా కోసం అడిగే దారి చట్టంలో తెరవాలి. కోత్ దోర్ పాత గీతల్ని రేపే చెరిపెయ్యమని నేనడగడం లేదు. వాటి పక్కన కొత్త గీతలకు చోటివ్వమంటున్నాను.